అల్జైమర్స్‌ను విని అర్థం చేసుకోవడం: ఇంగ్లిష్ క్లాసులో ఒక పాఠం ఎంత దూరం వెళ్లగలదు

ఇంగ్లిష్ తరగతుల్లో లిజనింగ్ కోసం వాడే ఆడియోల్లో జ్ఞాపకాన్నీ ఆలోచననూ మెల్లమెల్లగా దెబ్బతీసే మెదడు జబ్బు అల్జైమర్స్ గురించిన పాఠం ఒకటి ఉండటం మామూలే. ఇంజినీరింగ్ కాలేజీ ఇంగ్లిష్ ల్యాబ్‌లోనైనా, అమీర్‌పేటలో ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌లోనైనా, విదేశాల్లో నర్సు ఉద్యోగం కోసం ఓఈటీ రాయబోయేవాళ్ల శిక్షణలోనైనా పద్ధతి దాదాపు ఒకటే. ముందు కొన్ని కొత్త మాటలు బోర్డు మీద రాస్తారు. ఆడియో వినిపిస్తారు. ఖాళీలు నింపమంటారు. తప్పొప్పులు చూశాక సమయం మిగిలితే ఐదు నిమిషాలు చర్చ పెడతారు. న్యూరాన్, కాగ్నిటివ్, కేర్‌గివర్ లాంటి మాటలు నోటికి వస్తాయి. జబ్బు మాత్రం అర్థం కాకుండానే బెల్లు కొడుతుంది.

అది నిజంగా పెద్ద నష్టం. ఎందుకంటే వినడం అనే పనికీ ఈ జబ్బుకూ చాలా దగ్గరి సంబంధం ఉంది. చెవిన పడిన వాక్యాన్ని కాసేపు మనసులో నిలుపుకోవాలి, అంతకుముందు విన్నదానితో కలుపుకోవాలి, మాటకు అర్థం వెతుక్కోవాలి, అడిగినప్పుడు తిరిగి చెప్పాలి. అల్జైమర్స్ తొలి దశల్లోనే దెబ్బతినే పనులు ఇవే. షుగర్ గురించో గుండెజబ్బు గురించో పాఠం విన్నప్పుడు దొరకని అవకాశం ఇక్కడ ఉంది. విద్యార్థి తాను వింటున్న తీరును తానే గమనించుకుంటూ, జబ్బు ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవచ్చు. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ తెగిపోతుందో కూడా చూడవచ్చు. తెగిపోయే చోటే అసలు విషయం ఉంది.

1901 నాటి ప్రశ్నలు, జవాబులు

ఈ పాఠం కోసం ఎవరూ కథ అల్లనక్కర్లేదు. ఈ జబ్బు చరిత్రే ఒక సంభాషణతో మొదలైంది. 1901 నవంబరు 25న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో ఆగస్టె డేటర్ అనే 51 ఏళ్ల మహిళను చేర్చారు. మర్నాడు అక్కడి వైద్యుడు అలోయిస్ అల్జైమర్ ఆమెతో మాట్లాడి, ప్రశ్నలూ జవాబులూ ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాడు. మీ పేరేమిటని అడిగితే "ఆగస్టె" అంది. ఇంటిపేరు అడిగితే మళ్లీ "ఆగస్టె". మీ భర్త పేరు అంటే "ఆగస్టె అనుకుంటా". ఇక్కడికి వచ్చి ఎన్నాళ్లయిందని అడిగితే "మూడు వారాలు" అంది. వచ్చింది ముందురోజే. పెన్సిలు, పెన్ను, పర్సు, చుట్ట చూపించి ఇవేమిటంటే అన్నీ సరిగ్గానే చెప్పింది. కాసేపయ్యాక ఏమేం చూపించారో ఆమెకు గుర్తు లేదు. మధ్యాహ్నం కాలీఫ్లవర్, పంది మాంసం తింటున్నప్పుడు ఏం తింటున్నారని అడిగితే పాలకూర అని జవాబిచ్చింది.

ఈ కొద్ది జవాబులే క్లాసులో ఒక గంటకు సరిపోతాయి. వస్తువు కళ్లముందు ఉన్నప్పుడు దాని పేరు ఆమెకు దొరికింది. అంటే చిన్నప్పటి నుంచీ పోగైన మాటల నిల్వ పూర్తిగా పోలేదు. ఆ వస్తువును చూసిన సంగతి మాత్రం కొన్ని నిమిషాలు కూడా నిలవలేదు. పాత జ్ఞాపకం, కొత్త జ్ఞాపకం వేర్వేరుగా దెబ్బతింటాయన్న విషయాన్ని నిర్వచనంగా బట్టీ పట్టించడం కంటే, ఈ రెండు జవాబులను పక్కపక్కన పెట్టి "తేడా ఏమిటి?" అని అడగడం మేలు. జవాబు విద్యార్థుల నోటి నుంచే వస్తుంది.

ఇంగ్లిష్ క్లాసుకు ఇంకా దగ్గరి సంగతి మరొకటి ఉంది. అల్జైమర్ ఆమెకు డిక్టేషన్ ఇచ్చాడు. పేరుకు ముందు శ్రీమతి అని చేర్చి తన పూర్తి పేరు రాయమన్నాడు. ఆమె "శ్రీమతి" అన్నంతవరకు రాసి ఆగిపోయింది. మిగతాది ఏం రాయాలో గుర్తు లేదు. ఒక్కో మాటా మళ్లీ మళ్లీ చెబితే తప్ప రాయలేకపోయింది. అక్షరాలు రాకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది. విన్నది రాసేలోపే జారిపోతోంది.

కొత్తగా ఇంగ్లిష్ డిక్టేషన్ రాసేవాళ్లకు ఇలాంటి ఇబ్బంది తెలిసినదే. తెలుగులో ఎంత పొడుగు వాక్యమైనా విని రాసేవాడు, ఇంగ్లిష్‌లో పది మాటలు దాటగానే మొదలు మర్చిపోతాడు. మాటల్ని గుర్తుపట్టే పనికే మనసు శక్తి ఖర్చయిపోతుంది, నిలుపుకోవడానికి మిగలదు. ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌లో ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. ఒక జవాబు దగ్గర తడబడి తేరుకునేసరికి తర్వాతి రెండు ప్రశ్నల జవాబులు వెళ్లిపోయి ఉంటాయి. ఆ టెన్షన్, ఆ వెనకబడిపోయిన భావం విద్యార్థికి అనుభవంలో ఉన్నవే. ఈ జబ్బున్న పెద్దావిడ నలుగురి మధ్య మాట్లాడకుండా కూర్చోవడం, ఫోన్ ఇస్తే "నువ్వే మాట్లాడు" అని తప్పుకోవడం ఎందుకో అక్కడి నుంచి ఊహించుకోవచ్చు.

ఇక పోలిక తెగే చోటు. ఆడియోలో ఏదో తప్పిపోయిందని విద్యార్థికి తెలుస్తుంది. జవాబుపత్రంలో ఆ గడిని ఖాళీగా వదులుతాడు, లేదా ఊహించి రాసి, ఊహించానని గుర్తుపెట్టుకుంటాడు. ఆగస్టె డేటర్ ఖాళీ వదలలేదు. "మూడు వారాలు" అంది, "పాలకూర" అంది. ఆ జవాబు అబద్ధం కాదు, మొండితనమూ కాదు. జ్ఞాపకం లేని చోటును మనసు తనంతట తానే ఏదో ఒకదానితో నింపుతుంది, నింపినట్టు మనిషికి తెలియదు. ఇంట్లో గొడవలు ఎక్కువగా రేగేది ఇక్కడే. "నాకు అన్నం పెట్టలేదు" అని అత్తగారు పక్కింటివాళ్లతో అంటే కోడలికి అది నింద. గొలుసు తానే ఎక్కడో పెట్టి మర్చిపోయి, పనిమనిషి తీసిందని తాతయ్య అంటే అది ఆరోపణ. లోపం ఉందన్న సంగతే తెలియకపోవడం కూడా జబ్బులో భాగం కావచ్చని కుటుంబానికి ముందే తెలిసి ఉంటే, ఆ మాటలు తగిలే తీరు వేరుగా ఉంటుంది.

అయితే అందరికీ, అన్నివేళలా తెలియకుండా పోదు. తనను తాను పోగొట్టుకున్నానని ఆగస్టె డేటర్ అన్న మాట కూడా ఆ కాగితాల్లోనే ఉంది. తొలి దశలో చాలామందికి ఏదో జారిపోతోందన్న భయం ఉంటుంది, దాన్ని దాచుకుంటారు. ఈ రెండు స్థితులూ ఒకే మనిషిలో, ఒకే వారంలో కూడా ఉండవచ్చు.

ఆమె 1906 ఏప్రిల్ 8న చనిపోయింది. అప్పటికి మ్యూనిక్‌లో పనిచేస్తున్న అల్జైమర్ ఆమె మెదడును తెప్పించుకుని సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. అదే ఏడాది నవంబరు 3న ట్యూబింగెన్‌లో జరిగిన మానసిక వైద్యుల సమావేశంలో ఆ వివరాలు చెప్పాడు. 1910లో జర్మన్ మానసిక వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ జబ్బుకు అల్జైమర్ పేరు పెట్టాడు. ఆ ప్రశ్నలు, జవాబుల అసలు ఫైలు దశాబ్దాల పాటు కనిపించకుండా పోయి, 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే దొరికింది.

మెదడులో జరిగేది, మాటలో కనిపించేది

అల్జైమర్ చూసినవి రెండు. నాడీకణాల బయట పేరుకున్న గడ్డలు, కణాల లోపల మెలికలు పడిన పోగులు. గడ్డల్లో ప్రధానంగా ఉండేది అమిలాయిడ్ బీటా అనే ప్రొటీన్ ముక్క, పోగుల్లో ఉండేది టావ్ అనే ప్రొటీన్. ఈ మార్పులు లక్షణాలు బయటపడటానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతాయని ఇప్పుడు తెలుసు. టావ్ పోగులు తొలిదశలో చేరేది మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలో, దాన్ని ఆనుకుని ఉండే ప్రాంతాల్లో. కొత్త విషయం జ్ఞాపకంగా మారాలంటే ఆ దారిన వెళ్లాలి. అందుకే పెళ్లినాటి సంగతులు పూసగుచ్చినట్టు చెప్పే నాయనమ్మ, పొద్దున ఎవరొచ్చి వెళ్లారో చెప్పలేదు. "అంత పాతవి గుర్తున్నప్పుడు ఇదెలా మర్చిపోతుంది, కావాలనే చేస్తోంది" అనుకోవడం తప్పని ఈ ఒక్క వివరం చెబుతుంది.

మాట విషయంలో నష్టం ఒక వరసలో జరుగుతుంది. ముందు పేర్లు దొరకవు. "అది ఇవ్వు... అదే... మొన్న తెచ్చింది" అంటూ చుట్టూ తిరుగుతారు. ఆ తర్వాత అర్థాలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. ఉచ్చారణ, వాక్యం కట్టే తీరు మాత్రం చాలాకాలం బాగానే ఉంటాయి. వచ్చిన చుట్టాలతో పది నిమిషాలు చక్కగా మాట్లాడి పంపిస్తే "ఈయనకేమైంది, బాగానే ఉన్నాడుగా" అని వాళ్లు వెళ్లిపోతారు. రోజంతా చూసుకునేవాళ్ల మాట ఎవరూ నమ్మరు. మాటల ప్రవాహానికీ అవగాహనకూ మధ్య తేడా ఉంటుందన్నది లిజనింగ్ టీచర్లకు బాగా తెలిసిన సంగతి. ఇంగ్లిష్ గడగడా మాట్లాడే విద్యార్థి విన్నది అర్థం చేసుకోలేకపోవచ్చు. ఆ ఎరుక ఇక్కడ పనికొస్తుంది.

వినడంలో వాళ్లకు నిజంగా ఏది సాయపడుతుంది? సహజంగా తోచేది నెమ్మదిగా మాట్లాడటం. లిజనింగ్ క్లాసులో కూడా ఆడియో వేగం తగ్గించమనే అడుగుతారు. కానీ అల్జైమర్స్ ఉన్నవాళ్లతో 1990ల్లో చేసిన ఒక పరిశోధనలో, మాట వేగం తగ్గించినంత మాత్రాన అవగాహన మెరుగుపడలేదు. అదే వాక్యాన్ని మళ్లీ చెప్పినప్పుడు మెరుగుపడింది. వాక్యం సులువుగా ఉన్నప్పుడు బాగా అర్థమైంది. ఆలోచిస్తే కారణం తెలుస్తుంది. మరీ సాగదీసి చెబితే చివరి మాట వచ్చేసరికి మొదటి మాట ఇంకా దూరమైపోతుంది.

తెలుగు ఇళ్లలో దీన్ని గట్టిగా పట్టించుకోవాలి. మన వాక్యంలో అసలు పని చెప్పే క్రియ చివర్లో వస్తుంది. "నాన్నా, పొద్దున డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాక ఆయన రాసిచ్చిన మందుల్లో భోజనానికి ముందు వేసుకోమన్నది వేసుకున్నావా?" అని అడిగితే, ప్రశ్న ఏమిటో తేలేవరకు ముందున్నదంతా మోయాలి. "నాన్నా, ఇదిగో మాత్ర. వేసుకో" అంటే మోయాల్సింది ఏమీ లేదు. మాత్ర కళ్లముందే ఉంది. తరగతిలో విద్యార్థులు ఇలాంటి పొడుగు వాక్యాలు తీసుకుని, ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ, ఒక్కో విషయం ఒక్కో చిన్న వాక్యమయ్యేలా విడగొట్టడం మంచి అభ్యాసం. భాష నేర్పినట్టూ ఉంటుంది, ఇంట్లో పనికొచ్చేది చేతికి ఇచ్చినట్టూ ఉంటుంది.

వాక్యాన్ని సులువు చేయడం వేరు, పెద్దవాళ్లను చంటిపిల్లల్లా పలకరించడం వేరు. అమెరికా నర్సింగ్ హోముల్లో జరిగిన పరిశీలనలో, సిబ్బంది ముద్దుముద్దుగా, పిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడినప్పుడు డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన రోజువారీ పనులకు అడ్డమయ్యేంత తగ్గిపోయే స్థితి, దానికి ప్రధాన కారణం అల్జైమర్స్) ఉన్నవాళ్లు స్నానానికీ బట్టలు మార్చుకోవడానికీ ఎక్కువగా ఎదురుతిరిగారు. మాటల అర్థం పోయినా గొంతులోని గౌరవం, చులకన వాళ్లకు తెలుస్తూనే ఉంటాయనడానికి ఇది ఒక ఆధారం.

క్లాసు అలవాటు ఒకటి ఇంటికి వెళ్తే చెరుపు చేసేది కూడా ఉంది, పరీక్ష పెట్టినట్టు అడగడం. చుట్టాలు వస్తూనే మంచం దగ్గరికి వెళ్లి "అత్తయ్యా, నేనెవర్ని? గుర్తుపట్టావా? చెప్పు చూద్దాం" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ నలుగురి ముందు ఆమెను ఓడించే ప్రశ్న అది. "అత్తయ్యా, నేను సుజాతని, మీ చిన్న మేనకోడల్ని. మిమ్మల్ని చూద్దామని వచ్చాను" అని జవాబు ముందే చేతికి ఇస్తే ఆమె ముఖంలో భయం ఉండదు, మాట కలుస్తుంది.

ఇంగ్లిష్ నేర్చుకుంటే అల్జైమర్స్ రాదా?

ఈ పాఠం నడిచినచోట చర్చలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. రెండో భాష మెదడుకు మంచిదన్న వార్త చాలామంది చదివే ఉంటారు. తెలుగు విద్యార్థులకు ఇది బయటి వార్త కాదు, హైదరాబాద్ వార్త. నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం ఎడిన్‌బరో శాస్త్రవేత్త థామస్ బాక్‌తో కలిసి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లలో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష మాట్లాడేవాళ్లలో లక్షణాలు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, వీళ్లలో 65.6 ఏళ్లకు మొదలయ్యాయి. అంటే నాలుగున్నరేళ్ల తేడా. అల్జైమర్స్ ఉన్నవాళ్లను విడిగా చూస్తే ఆ తేడా మూడేళ్ల పైచిలుకు.

అంతకుముందు 2007లో కెనడాలోని టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం ఇలాంటి ఫలితమే చూపింది. కానీ అక్కడ రెండు భాషలు వచ్చినవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. తేడా భాష వల్లా, వలస జీవితం వల్లా అన్న అనుమానం మిగిలింది. హైదరాబాద్ ఆ అనుమానాన్ని దాటింది. ఇక్కడ ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లిష్, సినిమా హాల్లో హిందీ నడవడానికి ఎవరూ దేశం దాటి రానక్కర్లేదు. మరీ ముఖ్యమైన ఫలితం, చదువు లేనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది, అదీ దాదాపు ఆరేళ్లు. బడి మెట్లు ఎక్కకుండా మార్కెట్‌లో మూడు భాషల్లో బేరమాడే మనిషికి దొరికిన లాభం అది. దాన్ని ఇంగ్లిష్ మీడియం బడుల గొప్పగా చెప్పుకోవడం ఆ పరిశోధనకు అన్యాయం. రెండు భాషలకు మించి మూడో, నాలుగో భాష వస్తే అదనపు లాభం కూడా అందులో కనిపించలేదు.

ఇది ఎలా సాధ్యమో చెప్పడానికి శాస్త్రవేత్తలు మెదడులోని నిల్వశక్తి గురించి మాట్లాడతారు. 1988లో ప్రచురించిన ఒక అమెరికన్ పరిశోధనలో, నర్సింగ్ హోములో చనిపోయిన 137 మంది మెదళ్లు పరీక్షిస్తే, అల్జైమర్స్ గడ్డలు బాగానే ఉన్నా బతికినన్నాళ్లూ చురుగ్గా ఉన్న పదిమంది కనిపించారు. దెబ్బ తగిలింది, కానీ బయటపడలేదు. కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, బ్యాటరీ అయిపోయాక ఒక్కసారిగా చీకటి పడుతుంది. చదువు, భాషలు, మెదడుకు పని పెట్టే వృత్తి ఆ బ్యాటరీని పెంచుతాయన్నది సిద్ధాంతం. ఎక్కువ చదువుకున్నవాళ్లలో జబ్బు ఆలస్యంగా బయటపడినా, బయటపడ్డాక వేగంగా ముదురుతుందన్న పరిశీలన దీనికి సరిపోతుంది.

ఇక్కడే క్లాసులో ఒక్క నిమిషం ఆగాలి. "ఆలస్యంగా బయటపడింది" అన్నదాన్ని చాలామంది "రాదు" అని వింటారు. రెండూ ఒకటి కావు. పైగా హైదరాబాద్ పరిశోధన ఆస్పత్రికి వచ్చినవాళ్లను వెనక్కి తిరిగి చూసిన పరిశోధన. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ముందుగా ఎంచుకుని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనలను 2017లో కలిపి చూసినప్పుడు, రెండు భాషలు వచ్చినవాళ్లకు డిమెన్షియా తక్కువగా వస్తుందని తేలలేదు. వాదం ఇంకా నడుస్తోంది. నిల్వశక్తి ఉందన్న మాట నమ్మదగినదే, కానీ భాష ఒక్కటే దాన్ని ఎంత పెంచుతుందో చెప్పేంత ఆధారం ఇంకా లేదు. అరవై ఏళ్ల వయసులో స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేరితే అల్జైమర్స్ దరిచేరదని ఎవరైనా ప్రకటన ఇస్తే దానికి ఈ పరిశోధన సాక్ష్యం కాదు.

అంకెలు వినడంలో ఇంతకంటే పెద్ద పొరపాట్లు జరుగుతాయి. అమెరికాలో 2023లో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అనే మందు గురించి ఆడియోల్లో "27 శాతం" అన్న మాట వినిపిస్తుంది. విన్నవాళ్లలో చాలామంది 27 శాతం మందికి నయమైందనో, జ్ఞాపకశక్తి 27 శాతం పెరిగిందనో రాస్తారు. నిజానికి పద్దెనిమిది నెలల ప్రయోగంలో మందు తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ ఇద్దరికీ జబ్బు ముదిరింది. తీసుకున్నవాళ్లలో ముదిరే వేగం 27 శాతం తక్కువ. జబ్బు తీవ్రతను కొలిచే 18 పాయింట్ల కొలమానం మీద ఆ తేడా అర పాయింటు లోపే. మెదడులో వాపు, రక్తస్రావం లాంటి దుష్ఫలితాల కోసం మధ్యమధ్యలో ఎమ్మారై తీస్తూ ఉండాలి. ఒక్క క్రియను సరిగ్గా వినకపోతే ఒక కుటుంబం ఆ మందు కోసం ఉన్న పొలం అమ్మేసే నిర్ణయానికి రావచ్చు. లిజనింగ్ నైపుణ్యం అంటే మార్కులే కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

చెవి సంగతి

వినికిడి తగ్గడం డిమెన్షియా ముప్పును పెంచే అంశాల్లో ముందు వరసలో ఉంది. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ పద్నాలుగు అంశాలను గుర్తించి, వాటన్నిటినీ సరిదిద్దగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను నివారించడమో ఆలస్యం చేయడమో సాధ్యమని అంచనా వేసింది. బీపీ, షుగర్, పొగతాగడం, చదువు తక్కువ కావడం, ఒంటరితనం, తలకు దెబ్బలు, వాయు కాలుష్యం, చూపు తగ్గడం అందులో ఉన్నాయి. వినికిడి లోపం, చెడు కొలెస్ట్రాల్ వాటా వాటిలో అన్నిటికన్నా ఎక్కువ. వినికిడి యంత్రాలు ఇచ్చి మూడేళ్లు చూసిన ఒక అమెరికన్ ప్రయోగం 2023లో ముగిసింది. మొత్తం మీద తేడా కనిపించలేదు. కానీ ముందునుంచే ముప్పు ఎక్కువగా ఉన్న వృద్ధుల్లో మాత్రం ఆలోచనాశక్తి తగ్గే వేగం దాదాపు సగానికి పడిపోయింది.

ఇళ్లలో దీనికి తిరగబడిన పొరపాటు కూడా జరుగుతుంది. చెవి వినపడక పొంతనలేని జవాబులు ఇచ్చే పెద్దాయనకు మతి పోయిందంటారు. మతిమరుపు మొదలైన పెద్దావిడకు చెవుడని వదిలేస్తారు. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, కింద పడినప్పుడు తలలో గడ్డకట్టిన రక్తం లాంటివి కూడా అల్జైమర్స్‌లాగే కనిపించగలవు. వాటిలో చాలావాటికి చికిత్స ఉంది. పరీక్ష చేయించకుండా "వయసు మీద పడింది, అంతే" అనేస్తే బాగుపడేవాళ్లు కూడా బాగుపడకుండా పోతారు.

చర్చ ఎలా నడపాలి

చర్చను పూర్తిగా ఇంగ్లిష్‌లోనే జరపాలన్న పట్టుదల ఈ ఒక్క పాఠం విషయంలో సడలించాలి. ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలంటే వచ్చేవి నాలుగు అరిగిపోయిన వాక్యాలు: ఇది చాలా విచారకరం, పెద్దలను గౌరవించాలి, ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి. అదే విద్యార్థి తెలుగులో మొదలుపెడితే "మా తాతయ్య సాయంత్రమైతే ఇంటికి వెళ్దామంటాడు, ఉన్నది ఇంట్లోనే" అని చెప్పగలడు. చర్చకు ప్రాణం అక్కడుంది. ముందు తెలుగులో చెప్పించి, తర్వాత దాన్నే ఇంగ్లిష్‌లోకి తెమ్మంటే భాష కూడా నిజంగా వస్తుంది. జబ్బు ఇంట్లో ఉంటుంది, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఇంగ్లిష్‌లో నేర్చుకున్నది తెలుగులో చెప్పడం రాకపోతే అమ్మకూ నాన్నకూ అది చేరదు.

ప్రశ్నలు కూడా మారాలి. "మీకు అల్జైమర్స్ వస్తే ఏం చేస్తారు?" అన్న ప్రశ్న చాలా పాఠాల చివర ఉంటుంది. ఇరవై ఏళ్ల పిల్లలకు అది ఊహకందని విషయం. ఇంట్లో ఇప్పటికే ఆ జబ్బున్న పిల్లకు మాత్రం అది కత్తి. ఎవరింట్లో ఏముందో టీచరుకు తెలియదు కాబట్టి, మాట్లాడకుండా వినే హక్కు అందరికీ ఉందని ముందే చెప్పడం మర్యాద. దానికి బదులు "ఆగస్టె డేటర్ 'పాలకూర' అన్నప్పుడు డాక్టర్ సరిదిద్ది ఉండాలా?", "రాత్రి రెండింటికి తాతయ్య బడికి టైమైందంటే మనవడు ఏమనాలి?" లాంటివి అడిగితే అభిప్రాయాలు నిజంగా ఢీకొంటాయి. ఒకరు నిజం చెప్పాలంటారు, ఒకరు ఊకొట్టాలంటారు. వాదనతో జ్ఞాపకం తిరిగి రాదన్నది అనుభవమున్నవాళ్లందరూ చెప్పే మాట. ఆయన బడి గురించి అడిగి, మంచినీళ్లిచ్చి, పక్కన కూర్చోవడం మెరుగు.

"మా నాయనమ్మకు ఉంది, నాకూ వస్తుందా?" అన్న ప్రశ్నను దాటవేయకూడదు. నేరుగా వంశపారంపర్యంగా, చిన్న వయసులోనే వచ్చే రకం చాలా అరుదు, మొత్తం కేసుల్లో ఒక శాతం లోపే. ఎపీఓఈ అనే జన్యువులో ఒక రకం ఉన్నవాళ్లకు ముప్పు పెరుగుతుంది, కానీ అది ఉన్నా జబ్బు రానివాళ్లు ఉన్నారు, లేకపోయినా వచ్చినవాళ్లు ఉన్నారు. నడివయసులో బీపీ, షుగర్ అదుపులో ఉంచుకోవడం ఆ విద్యార్థి కంటే ముందు అతని తల్లిదండ్రులు చేయాల్సిన పని.

నర్సింగ్ చదివి బ్రిటన్‌కో ఐర్లాండ్‌కో వెళ్లబోయేవాళ్లకు ఈ పాఠం ఉద్యోగంలో భాగం. అక్కడి వృద్ధాశ్రమాల్లో డిమెన్షియా ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. దీనికి ఎదురుగా, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి అక్కడే ఉండిపోయిన తెలుగు పెద్దలు ఉన్నారు. జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాష వెనక్కి తగ్గి, పుట్టుభాష మిగలడం తరచుగా చూస్తున్నదే. అక్కడి సిబ్బంది అడిగే ఇంగ్లిష్ ప్రశ్నకు ఆమె తెలుగులో జవాబిస్తే, అది అయోమయమని రాసుకునే ప్రమాదం ఉంది. అందుకే పరీక్ష ఏ భాషలో చేశారన్నది చాలా ముఖ్యం. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో తయారైన పరీక్షల సెట్ తెలుగుతో సహా ఐదు భాషల్లో ఉంది, చదువురానివాళ్లకు వేరే రూపం కూడా ఉంది. దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురితమైన అంచనా. పట్నాల కన్నా పల్లెల్లో, మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. తెలుగులో, చదువుతో పని లేకుండా చేసే పరీక్షలు అవసరమైనది వాళ్లకే.

లిజనింగ్ క్లాసులో నేర్పే నోట్స్ రాసుకునే పద్ధతి డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు నేరుగా ఉపయోగపడుతుంది. న్యూరాలజీ, సైకియాట్రీ, వృద్ధుల వైద్య విభాగం, ఎక్కడికి వెళ్లినా డాక్టర్ అడిగేవి ఇవే: మార్పు ఎప్పుడు మొదలైంది, ఒక్కసారిగా వచ్చిందా మెల్లమెల్లగానా, ఒక్క రోజులో ఒకే ప్రశ్న ఎన్నిసార్లు అడుగుతున్నారు, డబ్బు లెక్కల్లో తేడా వస్తోందా, తెలిసిన దారి తప్పారా, నిద్ర ఎలా ఉంది, వాడుతున్న మందులేమిటి, చెవులూ కళ్లూ చూపించి ఎన్నాళ్లయింది. రెండు వారాల పాటు ఇంట్లో వినిపించిన మాటలను తేదీలతో, ఉన్నవి ఉన్నట్టు రాసిన కాగితం ఒకటి ఉంటే పది నిమిషాల ఓపీలో డాక్టర్‌కు అవసరమైన సమాచారంలో చాలా భాగం అందులోనే దొరుకుతుంది. "కోపం ఎక్కువైంది" అని కాకుండా, ఏ మాట వినగానే కోపం వచ్చింది, ఏమన్నారు అని రాయాలి. ఇంట్లో అందరికంటే ఆ పని బాగా చేయగలిగేది కాలేజీకి వెళ్తున్న మనవడో మనవరాలో.